గాయపడిన అడవిప్రాణి మన గుమ్మములోనికి వచ్చినపుడు

ఎండలు ముదురుచున్నవి. కొండవాగులలోని నీరు గుంటలకు దిగినది. జయపురమునుండి మల్కనగిరికి పోవు పెద్దబాటపై బొయిపరిగుడకు ఇరుప్రక్కల నున్న అడవులలో ఇప్పపూవు రాలు దినములివి. పూవు సులువుగ ఏరుకొనుటకై చెట్టుక్రింది ఎండుటాకులకు నిప్పు పెట్టు వాడుక కొరాపుట్ సీమలో చిరకాలమునుండి యున్నది. ఆ నిప్పు ఒక్కొక్కపుడు చెట్టుక్రిందనే ఆగక పొదలకు ప్రాకును. పొదలలోని కుందేలుపిల్లయు, నేలపై గ్రుడ్లు పెట్టు పిట్టయు, వడిగ నడువలేని తాబేలును దానికి గుఱియగును. తప్పించుకొన్నవి దప్పికచే ఊరివంకకు వచ్చి లారీలక్రింద పడును, నూతులలో పడును, కుక్కల నోట పడును. కావున ఈ మాసములందు మన ఇండ్లలో ఎవరికో యొకరికి, తఱుచుగ పిల్లలకు, గాయపడిన చిఱుప్రాణి యేదో కనబడుట వింత కాదు. దానిని చేతిలోనికి తీసికొన్న పిదప ఏమి చేయవలెననునది మాత్రము పెద్దలకును స్పష్టముగ తెలియదు.

తెలియనివాడు ఊరకుండిన కొంత మేలు. మనవాడు ఊరకుండడు. పాలు పోయును. పసుపు అద్దును. బుట్టక్రింద మూసి, వచ్చినవారికందఱకు ఎత్తి చూపును. మూడవనాటికి అది చచ్చును. పిల్లలేడ్తురు. దాని ఆయువంతే యని పెద్దలందురు. ఆయువు సంగతి యటుండ, మన యుపచారమే దానిని సగము చంపినదని చెప్పుటకు మేము వెనుదీయము.

మనవారికి జాలి కొఱతలేదు. రెక్కలు తెగిన జటాయువును ఒడిలోనికి తీసికొన్న రాముని కథ, పావురమునకై తన మాంసమును కోసియిచ్చిన శిబి కథ, బాణము తగిలిన హంస చంపినవానిది కాదు, కాచినవానిదని తేల్చిన సిద్ధార్థుని కథ, ఇవి మనకు ఉగ్గుపాలతో వచ్చినవి. అనంతపురము సీమలోని లేపాక్షికి ఆ పేరు జటాయువును “లే పక్షీ” యని పిలిచినందున వచ్చినదని చెప్పుకొను జాతి మనది. అయితే ఈ విషయమున మనము తలచుకొనవలసిన కథ వేఱొకటి కలదు. అది భాగవతము పంచమస్కంధములోనిది. తెనుగున ఆ స్కంధమును గంగన రచించెను.

రాజ్యమును విడిచి గండకీతీరమున తపము చేసికొనుచున్న భరతుడు, సింహగర్జనకు బెదరి ఏటిని దుమికిన నిండుచూలాలి లేడిని చూచెను. దాని గర్భమునుండి జాఱిన పిల్ల నీటిలో కొట్టుకొనిపోవుచుండెను. తల్లి అవలియొడ్డున పడి చచ్చెను. భరతుడు పిల్లను ఎత్తి ప్రాణము కాపాడెను. అంతవఱకు తప్పులేదు. తల్లి చచ్చినది కన్నులార చూచినాడు గదా! పిదప దానిని విడువలేకపోయెను. మేపుట, నిమురుట, కనబడకున్న కలత చెందుట, ఇదియే ఆయన తపస్సైపోయెను. దానినే తలచుచు చనిపోయి లేడియై పుట్టెను. పౌరాణికులు దీనిని భరతుని నష్టముగ చెప్పుదురు. లేడివంకనుండి చూచినవారు తక్కువ. మనుష్యుని చేతిమేత మరగిన లేడి, మనుష్యునికి భయపడుట మఱచిన లేడి, అడవిలో ఎన్నినాళ్లు బ్రతుకును?

ఇది పురాణకాలపు మాట మాత్రమే కాదు. ఉత్తరప్రదేశములోని అమేథీ జిల్లాలో 2022లో ఒక యువకుడు కాలు విఱిగిన సారసపక్షిని పొలములో చూచి, ఇంటికి తెచ్చి, కట్టుకట్టి నయము చేసెను. పక్షి కోలుకొన్నది గాని, ఎగిరిపోలేదు. అతని మోటారుసైకిలు వెంట ఎగురుచు, అతనితో కలసి తినుచు నుండెను. దేశమంతయు ఆ చిత్రములను చూచి ముచ్చటపడెను. 2023 మార్చిలో అటవీశాఖవారు వచ్చి పక్షిని తీసికొనిపోయిరి. ఆ యువకునిపై కేసు పెట్టిరి. పక్షిని మొదట సమస్‌పూర్ పక్షుల శరణాలయమునకు, అక్కడినుండి కాన్పూరు జంతుప్రదర్శనశాలకు చేర్చిరి. సారసము ఆ రాష్ట్రపు అధికారపక్షి. కాలు విఱిగిననాడే కబురు చేసియున్నచో అది నయమై తన గుంపులో చేరియుండునేమో. ఆ యువకుని మంచితనమును మేము శంకింపము. అతనిని నేరస్థునిగ చూచుట మాకు కటువుగనే తోచినది. అయినను మంచితనపు ఫలము పంజరమై ముగిసినదనునది నిజము.

ఇక చేయవలసినదేమి? మొదట చేయవలసినది ఏమియు చేయకుండుటయే. పదిపదునైదు అడుగుల దూరమున నిలిచి, అది నిజముగ ఆపదలో నున్నదా యని చూడవలెను. మనము రక్షింపబూనిన పిల్లలలో పెక్కింటికి రక్షణ యక్కఱలేదు. ఈకలు నిండుగ వచ్చి, తోక ఇంకను పొట్టిగనుండి, నేలపై గంతులు వేయు పక్షిపిల్ల గూటినుండి పడినది కాదు, ఎగురుట నేర్చుకొనుచున్నది. తల్లిదండ్రులు సమీపముననే యుండి మేపుచుండును. పిల్లిని, కుక్కను తోలివేసి, మఱీ బాటనడుమ నున్నచో ప్రక్కపొదలోనికి జరిపిన చాలును. ఈకలులేని పసిగుడ్డు పడినచో గూటిలో తిరిగి పెట్టవలెను. మనుష్యుని చేయి తగిలిన పిల్లను తల్లి వెలివేయునని మన అమ్మమ్మలు చెప్పుదురు. అది నిజము కాదు. తల్లి తిరిగి మేపును. కుందేలు సంగతియు ఇట్టిదే. తల్లి పిల్లలను గడ్డిలో వేఱువేఱుగ దాచి పగలంతయు దూరముగనుండి, చీకటిపడినపుడు వచ్చి పాలిచ్చును. కదలక మెదలక గడ్డిలో పడియున్న కుందేలుపిల్ల అనాథ కాదు; తల్లిమాట వినుచున్న పిల్ల. దానిని ఇంటికి తెచ్చుట దొంగతనమే యగును. పగటివేళ కాకులు తఱుముచుండ చెట్టుకొమ్మపై ముడుచుకొన్న గుడ్లగూబకు గాయము లేకున్న, సందెచీకటివఱకు కాకులను తోలిన చాలును. గుడ్లగూబ ఇంటిపై వ్రాలిన అరిష్టమని కొట్టువారు మనలో ఇంకను ఉన్నారు. ఎలుకలను తిని మన గాదెలను కాచు పక్షియది.

నెత్తురు కాఱుచున్నను, రెక్క వ్రేలాడుచున్నను, గాయముపై ఈగలు ముసరినను, ప్రక్కనే తల్లి చచ్చి పడియున్నను, పిల్లి నోట పట్టి విడిచినను, అపుడు పూనుకొనవలెను. పిల్లి పట్టిన పిట్ట పైకి బాగుగ కనబడినను నమ్మరాదు. పిల్లిపంటిలోని సూక్ష్మక్రిములు సూదిమొనయంత గాటునుండియు లోపలికి పోయి రెండుమూడు దినములలో చంపును. దానికి పశువైద్యుని మందు కావలెను.

పూనుకొన్నపుడు వలసినవి మూడే: చీకటి, నిశ్శబ్దము, కొంచెము వెచ్చదనము. మందమైన గుడ్డను పైన కప్పి, గుడ్డతోనే మెల్లగ ఎత్తి, చిన్నరంధ్రములు చేసిన అట్టపెట్టెలో అడుగున మెత్తని పాతబట్ట పఱచి ఉంచవలెను. ఇనుపపంజరము పనికిరాదు, కమ్ములకు కొట్టుకొని రెక్కలు, మూతి చీల్చుకొనును. పెట్టెను ఇంటిలో ఎవరును తిరుగని మూల నుంచవలెను. ఒళ్లు చల్లబడినచో, వేడినీరు పోసిన సీసాకు బట్ట చుట్టి పెట్టెలో ఒకప్రక్క నుంచవలెను. వేడి యెక్కువైన జరుగుటకు దానికి చోటుండవలెను. మాటిమాటికి మూత తీసి చూడరాదు. అడవిప్రాణికి మన ముఖము ధైర్యమిచ్చునది కాదు. మన నిమురుట దానికి పులి నాకుటవంటిది. కదలక ముడుచుకొన్నదానిని చూచి, మచ్చికయైనదని మనమందుము. అది భయముచే బిగిసియుండును. ఆ భయముననే గుండె ఆగి చచ్చునవి కలవు.

పాలసంగతి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. మన ఇల్లాండ్రు ఆకలిగొన్నదానికి దేనికైనను పాలు పోయుదురు. ఆ చేయి మంచిదే. కాని పక్షి పాలు త్రాగు జీవి కాదు. దాని కడుపునకు పాలు జీర్ణము కావు. కుందేలుపాలలో కొవ్వును మాంసకృత్తులును ఆవుపాలకు రెట్లకొలది యుండును. ఆవుపాలు త్రాగిన కుందేలుపిల్లకు కడుపుబ్బి విరేచనములై ప్రాణము పోవును. అంతకంటె చెఱుపు దూదితోనో చెంచాతోనో నోటిలో పోయుట. నీరసించిన ప్రాణి మ్రింగలేదు. పోసినది ఊపిరితిత్తులలోనికి పోవును. నీరైనను సరే, నోట పోయరాదు. స్పృహతో నిలువగలిగినదానికి లోతులేని మూకుడులో నీరుంచిన చాలును. అన్నము, రొట్టెముక్క, అరటిపండు పెట్టరాదు. కొన్నిగంటలు తిండి లేకున్న చావదు. తగని తిండిచే చచ్చును. గాయమునకు పసుపు, సున్నము, కిరసనాయిలు, పొగాకు పూయుట మనవారి యలవాటు. ఏదియు వలదు. నెత్తురు ధారగ కాఱుచున్నచో శుభ్రమైన గుడ్డతో కొంతసేపు అదిమి పట్టవలెను. అంతే.

మన ఒంటిని కాచుకొనుట ముందుమాట కావలసినది, ఇంత దూరము వచ్చినది. ముంగిస, నక్క, కోతి, పునుగుపిల్లి, ఏదైనను కఱచినను, గీరినను, ఆ చోటును సబ్బుతో పాఱునీటిక్రింద పదునైదు నిమిషములు కడిగి, ఆనాడే ఆసుపత్రికి పోవలెను. రేబిస్ లక్షణములు పొడచూపిన పిదప దాదాపు ఎవరును బ్రతుకరు. అంతకుముందు టీకాతో దానిని ఆపవచ్చును. ఆ టీకా ప్రభుత్వాసుపత్రులలో ఉచితముగ వేయుదురు. మొదటినాడు, 3వ, 7వ, 28వ దినములందు వేయించుకొనవలెను. రెండు సూదులతో సరిపెట్టుకొని మఱచువారు ప్రాణముతో జూదమాడుచున్నారు. గబ్బిలమును వట్టిచేతితో ఎన్నటికిని ముట్టరాదు. 2018లో కేరళమున నిపా జబ్బు పుట్టినపుడు దాని మూలము ఫలాహార గబ్బిలములని తేలినది. అట్లని గబ్బిలములను చంపబోవువారును తప్పు చేయుదురు. వానిని కదల్చకుండుటయే మనకు క్షేమము. విద్యుత్తీగపై చిక్కినదానికై కఱ్ఱతో పోరాదు, విద్యుచ్ఛాఖకు చెప్పవలెను. పాము గాయపడినను అది మన పని కాదు.

ఇక చట్టము. 1972నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము ప్రకారము అడవిజంతువును అనుమతిలేక ఇంటనుంచుకొనుట నేరము. 2022లో సవరింపబడి 2023 ఏప్రిల్ 1 నుండి అమలైన రూపములో, మొదటి షెడ్యూలులోని ప్రాణుల విషయమున శిక్ష మూడేండ్లకు తగ్గక ఏడేండ్లవఱకు కారాగారము, 25,000 రూపాయలకు తగ్గని జుల్మానా. ఆ చట్టపు 39వ విభాగము, చచ్చి కనబడిన వన్యప్రాణిని గాని, చట్టవిరుద్ధముగ నిర్బంధింపబడినదానిని గాని ప్రభుత్వపు సొత్తుగ చెప్పి, అట్టిది చేతికి వచ్చినవాడు 48 గంటలలోపల సమీపపు పోలీసుఠాణాకో, అధికారము గల ఉద్యోగికో తెలుపవలెనని విధించుచున్నది. గాయపడినదానిని ఒకరాత్రి కాచి మఱునాడు అప్పగించినవాడు భయపడవలసిన పనిలేదు. నయమైన పిదప విడుతుమని నెలలకొలది ఉంచుకొన్నవాడు భయపడవలెను. ముంగిటి పంజరములోని రామచిలుకయు, అదృష్టమని పెరటితొట్టిలో నుంచుకొన్న నక్షత్రతాబేలును ఈ చట్టమునకు లోబడినవే. ఈ మాట కొందఱు పాఠకులకు రుచింపదని యెఱుగుదుము.

మఱియొక హెచ్చరిక. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేఱు రాష్ట్రమగువఱకు ఈ సీమ విశాఖపట్టణము జిల్లాలోనిది. నేటికిని మనవారికి కంటికి, పంటికి, పెండ్లిచీరకు విశాఖయే దిక్కు. అక్కడ ఇందిరాగాంధీ జంతుప్రదర్శనశాల యున్నదిగదా యని గాయపడిన జంతువును కారులో పెట్టుకొని పోవువారుందురు. రాష్ట్రపు పొలిమేర దాటించుటకు అనుమతిపత్రము కావలెను. తనిఖీలో పట్టుబడినచో జాలి సాక్ష్యముగ నిలువదు.

అందును అలుగు విషయమున మిక్కిలి జాగరూకత వలయును. పండ్లులేని, చీమలు చెదలు తిని బ్రతుకు, తాకిన బంతివలె చుట్టుకొను ఈ నిరపాయజీవిని పొలుసులకై, మాంసమునకై దొంగవ్యాపారులు వేటాడుచున్నారు. దాని అంతర్జాతీయ వాణిజ్యమును 2016లో జొహన్నెస్‌బర్గు సమావేశమున దేశములన్నియు నిషేధించినవి. ఏడాదికి ఒక్కపిల్లనే కను జంతువది; పోయినది మరల పూడుట కష్టము. భువనేశ్వరము దాపుననున్న నందనకానన్‌లో 2009 నుండి అలుగుల సంరక్షణకేంద్రము కలదు. ఆ నేర్పరులకే దానిని బోనులో బ్రతికించుట కఠినము; మనవలన నగునా? అలుగు కనబడిన, చుట్టను విప్పబోక, చుట్టుప్రక్కల చాటక, చిత్రము తీసి ఫోనులలో పంపక, నేరుగ రేంజి ఆఫీసుకే చెప్పవలెను. పదిమందికి తెలిసిన అలుగు పదునొకండవవానికి అమ్ముడుపోవును.

సంతలోనో, గుమ్మమునకో ఎవడైన గోరువంకపిల్లను, చిలుకపిల్లను తెచ్చి అమ్మజూపినచో, “పాపము, మనమైన కొని విడుతము” అనుకొనుట సహజము. ఇది జాలి రూపమున వచ్చు పెద్దతప్పు. కొన్నవాడు పుణ్యాత్ముడో, పంజరమువాడో అమ్మినవానికి పనిలేదు. గిరాకి యున్నదని తెలిసినది. మఱువారము ఇంకొక తొఱ్ఱకు చేయి పెట్టును. మన పొరుగు ఆదివాసిసోదరులు చైత్రపర్వమున వేటకు పోవుట వారి పూర్వాచారము. దానిపై తీర్పులు చెప్పు అర్హత ఎయిర్‌గన్ పట్టి పిట్టలను కొట్టు మన యువకులకు లేదు.

మన ప్రక్కనే యున్న గుప్తేశ్వరము అడవిని ఒడిశా ప్రభుత్వము 2024లో జీవవైవిధ్య వారసత్వస్థలముగ ప్రకటించినది; అది 350 హెక్టారులు. అచట 608 జాతుల జీవులు లెక్కకు వచ్చినవి. మాట్లాడు కొండగోరువంక, మొసలి, సున్నపుఱాతి గుహలలోని గబ్బిలములు వానిలోనివి. శివరాత్రికి కొబ్బరికాయ పట్టుకొని పోవు మనకు ఆ గుహల గబ్బిలములు దేవునితోపాటు అక్కడివారే యని తోచదు. టపాకాయలు, గట్టికేకలు, దీపపు వెలుగులు గుహలోపలికి పోకుండిన, క్రింద పడి గాయపడు పిల్లలే తగ్గును.

అప్పగించుటకు మనకున్న మొదటితావు జయపురము అటవీవిభాగములోని బొయిపరిగుడ రేంజి ఆఫీసు. రాత్రివేళ పోలీసుఠాణా. వైద్యమునకు పశువైద్యుడు. అడవిజంతువుల చికిత్స పల్లెపశువైద్యులకు నిత్యమున్న పని కాదు. వారు వలదన్నను కసరరాదు, రేంజరునకు చెప్పి ఆయనద్వారా అడిగింపవలెను. ఎచ్చట, ఏవేళ దొరికెనో కాగితముపై వ్రాసి పెట్టెకు అంటింపవలెను. నయమైన పిదప అదే పొదలో, అదే వాగుగట్టున విడువవలసియుండును. క్రొత్తచోట దానికి నీరెక్కడనో, శత్రువెక్కడనో తెలియదు. అన్ని ప్రాణులును బ్రతుకవు. అది వైద్యునికి విడువవలసిన విషయము. మెడ నులిమి “బాధ తీర్చుట” మన పని కాదు.

మన ఇండ్లలోని పెద్దవారికి, ముఖ్యముగ స్త్రీలకు, సంతలో బేరమాడుటకు చాలినంత ఒడియా వచ్చును గాని, ఆఫీసుకు ఫోను చేయుటకు జంకుదురు. ఏ జంతువో చెప్పలేక ఊరకుందురు. వారికొఱకు కొన్ని పేర్లు ఇచట వ్రాయుచున్నాము; కత్తిరించి ఉంచుకొనవచ్చును. అలుగును ఒడియాలో వజ్రకాప్తా యందురు. కుందేలు ఠేకుఆ, ముంగిస నెఉళ, ఉడుత గుండుచిమూషా, పునుగుపిల్లి సాళియాపతని, గబ్బిలము బాదుడి, గుడ్లగూబ పెచా, చిలుక శుఆ, తాబేలు కఇంఛ. గాయపడినదనుటకు “ఆహత” యన్న చాలును. ఆ మాట మనదియును.

రేంజి ఆఫీసు గోడపై ఫోనుసంఖ్యతో ఈ సూచనలను ఒడియాతోపాటు తెలుగునను వ్రాయింపుడని రేంజరుగారిని కోరుట ఉచితము. మన కార్యవర్గమువారు ఆ కోరికను వ్రాతమూలముగ పంపవలెను. సంఘకార్యాలయమున రెండు అట్టపెట్టెలు, ఒకజత తోలు చేతితొడుగులు, కొన్ని పాతదుప్పటిముక్కలు సిద్ధముగ నుంచిన, రాత్రి పదిగంటలకు తలుపు తట్టినవానికి అక్కఱకు వచ్చును. ఖర్చు కొన్ని వందల రూపాయలకు మించదు. పాతదుప్పటులు ఇచ్చువారు వచ్చు ఆదివారములోపల ఇయ్యవలెను.